పిల్లికి ఇన్సులిన్: యూనిట్ల కన్నా ముందు సిరంజి చూడాలి

మధుమేహం మనుషులకే కాదు, పిల్లులకూ వస్తుంది. నడివయసు దాటి, ఇంటిపట్టునే ఉంటూ బాగా ఒళ్ళు చేసిన పిల్లుల్లో ఇది ఎక్కువ. మనుషుల్లోని టైప్-2 మధుమేహానికి దగ్గరగా ఉండే జబ్బే అయినా, పిల్లులకు చికిత్స చాలావరకు ఇన్సులిన్‌తోనే మొదలవుతుంది. రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో సూది వేయాలి. వేసేది ఇంట్లోవాళ్ళే కాబట్టి పొరపాటు జరిగేదీ ఇంట్లోనే. అయితే దాన్ని ఆపగలిగే మొదటి చోటు మాత్రం పశువైద్యుడి మందుల చీటీ.

మన దేశంలో ఇన్సులిన్ ప్రధానంగా రెండు గాఢతల్లో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు. సిరంజిలూ రెండు రకాలే. 40 రకానికి సాధారణంగా ఎర్ర మూత, 100 రకానికి నారింజ మూత ఉంటాయి. పిల్లులకు తరచుగా వాడే గ్లార్జిన్ సాధారణంగా 100 రకం. దాన్ని ఎర్ర మూత సిరంజిలో ఒకటో యూనిట్ గీత వరకు తీస్తే వచ్చేది ఒక యూనిట్ కాదు, రెండున్నర. పూటకు ఇరవై యూనిట్లు తీసుకునే మనిషికి ఒకటిన్నర యూనిట్ల తేడా పెద్దగా తెలియకపోవచ్చు. నాలుగు కిలోల పిల్లికి తరచూ పూటకు ఒక్క యూనిట్‌తోనే చికిత్స మొదలుపెడతారు. దానికి ఆ తేడా ప్రాణాంతకం కావచ్చు.

తారుమారైనా చిక్కే. 40 రకం మందును నారింజ మూత సిరంజిలో తీస్తే అందేది 0.4 యూనిట్ మాత్రమే. చక్కెర తగ్గడం లేదని మోతాదు పెంచుకుంటూ పోతారు. సరైన సిరంజి చేతికొచ్చిన రోజు ఆ పెంచిన మోతాదంతా ఒక్కసారిగా ఒంట్లోకి వెళుతుంది. అందుకే చీటీలో యూనిట్లు మాత్రమే రాస్తే చాలదు. మందు గాఢత, సిరంజి రకం కూడా తప్పనిసరిగా రాయాలి.

ఇంట్లో చక్కెర పరీక్షను ఐచ్ఛికంగా చూడటం రెండో లోపం. ఆసుపత్రిలో బెదిరిన పిల్లి రక్తంలో చక్కెర, జబ్బు లేకపోయినా పెరుగుతుంది. ఆ ఒక్క అంకెను నమ్మి మోతాదు పెంచడం ప్రమాదం. ఇంట్లో చెవి అంచున చిన్న సూదితో గుచ్చి, ఒక చుక్క రక్తంతో రెండు గంటలకోసారి చూస్తే రోజులో చక్కెర ఎంతవరకు దిగుతోందో తెలుస్తుంది. ఉదయం అంకె ఎక్కువగా ఉన్నా, మధ్యాహ్నానికి బాగా పడిపోతుంటే మోతాదు పెంచకూడదు. మనుషుల గ్లూకోమీటర్లు పిల్లుల్లో తరచూ కాస్త తక్కువ చూపుతాయి. కాబట్టి ఏ మీటరు వాడుతున్నారో వైద్యుడికి చెప్పాలి.

ఇంకో కారణమూ ఉంది. త్వరగా చికిత్స మొదలై, పిండిపదార్థాలు తక్కువగా ఉన్న ఆహారం పెడితే కొన్ని పిల్లులకు కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. కొలిచి చూడని ఇంట్లో ఈ మంచి మార్పే ముప్పు తెస్తుంది. నిన్నటిదాకా సరిపోయిన మోతాదు నేడు ఎక్కువవుతుంది.

సామాన్యులకు ఇదంతా సాధ్యమా అని కొందరు అనవచ్చు. అమ్మానాన్నలకు రోజూ ఇన్సులిన్ వేసే ఇళ్ళు మన దగ్గర కొత్త కాదు. కావలసింది పిల్లికి తగిన నాలుగు జాగ్రత్తలు నేర్పడమే. తిండి ముట్టని పూట వైద్యుడిని అడగకుండా సూది వేయకూడదు. వాంతులు కూడా ఉంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మందు బొచ్చులోకి కారిందేమోనని అనుమానం వస్తే మళ్ళీ వేయకూడదు. పిల్లి తూలుతున్నా, వణుకుతున్నా తేనెగానీ గ్లూకోజ్ నీళ్ళుగానీ చిగుళ్ళకు రాసి, వెంటనే వైద్యుడి దగ్గరకు పరుగెత్తాలి.

ఒక పూట చక్కెర ఎక్కువుంటే సరిచేసుకునే సమయం ఉంటుంది. బాగా పడిపోతే ఆ సమయం ఉండదు. మొదటి ఇన్సులిన్ సీసా చేతికిచ్చే ముందే ఈ సంగతులు నేర్పడం పశువైద్యశాలల బాధ్యత. నేర్పకపోతే అడిగి నేర్చుకోవడం పిల్లిని పెంచేవాళ్ళ హక్కు.