మార్కెట్‌ను చదివే చదువు మన పిల్లలకెందుకు వద్దు?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన ప్రతి వేసవిలోనూ కర్నూలు, కడప పట్టణాల్లోని మన ఇళ్ళలో ఒకే చర్చ జరుగుతూ వుంటుంది. అబ్బాయికి మార్కులు బాగా వస్తే ఇంజనీరింగు, ఇంకా బాగా వస్తే డాక్టరీ. రాకపోతే మామూజాన్ దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం, లేదా గల్ఫ్ వీసా కోసం ఎదురుచూడడం. అమ్మాయి విషయంలో ఈపాటి చర్చ కూడా జరగదు. ఇంటికి దగ్గరలో ఏ కాలేజీ వుంటే ఆ కాలేజీ, ఆ కాలేజీలో ఏ సీటు మిగిలితే ఆ సీటు. ఈ దారుల పక్కనే మరొక దారి వున్నదనీ, అది తరతరాలుగా తిజారత్ చేసుకుని బతుకుతున్న మన కుటుంబాలకు ఎంతో దగ్గరి దారి అనీ చెప్పేవారు అరుదు. అర్థశాస్త్రాన్నీ, నిర్వహణ శాస్త్రాన్నీ కలిపి చదవడమే ఆ దారి.

మన పరిస్థితి ఎలా వుండేదో ఒక్క అంకె చాలు. సచార్ కమిటీ 2006లో సమర్పించిన నివేదిక ప్రకారం 2004-05లో దేశంలోని ఐ.ఐ.ఎం.లన్నిటిలో చదువుతున్న 4,743 మంది విద్యార్థులలో ముస్లింలు 63 మంది. అంటే నూటికి ఇద్దరు కూడా లేరు. ఆదోని పత్తి బజారులో, ప్రొద్దుటూరు బట్టల దుకాణాల్లో, బేతంచెర్ల నాపరాళ్ళ పాలిష్ యూనిట్లలో మనవాళ్ళు లేరా? వున్నారు. సరుకు ఎత్తేవారిగా, బండి తోలేవారిగా, కౌంటరు దగ్గర నిలబడేవారిగా, కొందరు యజమానులుగా కూడా వున్నారు. కానీ ఆ సరుకు ధర ఎందుకు పెరుగుతుందో, ఎందుకు పడిపోతుందో శాస్త్రీయంగా చదువుకున్నవారు ఎందరు?

ఈ రెండు చదువులూ ఒకటి కావు. ఒకదానికొకటి ఎలా తోడవుతాయో చూడడానికి కర్నూలు ఉల్లిగడ్డను మించిన ఉదాహరణ అక్కరలేదు. ఒక ఏడు ధర బాగా పలికితే మరుసటి ఏడు ప్రతి రైతూ ఉల్లి వేస్తాడు. పంటంతా ఒకేసారి మార్కెట్ యార్డుకు చేరుతుంది, ధర కుప్పకూలుతుంది. నష్టపోయిన రైతు ఆ పై ఏడు ఉల్లి జోలికి పోడు, సరుకు తగ్గుతుంది, ధర మళ్ళీ ఆకాశాన్నంటుతుంది. ఇది కర్నూలుకు మాత్రమే పట్టిన జబ్బు కాదు. ఆర్థికవేత్తలు 1930లలోనే దీన్ని గుర్తించి, గీతలు గీస్తే సాలెగూడులా కనిపిస్తుంది కనుక సాలెగూడు సిద్ధాంతమని పేరు పెట్టారు. 2025లో కర్నూలు ఉల్లి ధర పడిపోయినప్పుడు ప్రభుత్వమే క్వింటాలు 1,200 రూపాయలకు కొనవలసి వచ్చింది. ఆ తరువాత హెక్టారుకు 50,000 రూపాయల చొప్పున సాయం ప్రకటించవలసి వచ్చింది.

ధర ఎందుకు పడిందో చెప్పేది అర్థశాస్త్రం. పడుతుందని తెలిసినప్పుడు ఏమి చేయాలో నేర్పేది నిర్వహణ శాస్త్రం. ఖరీఫ్ ఉల్లిలో తేమ ఎక్కువ, చాలా రోజులు నిల్వ వుండదు. దాన్ని ఎన్ని రోజులు ఆరబెట్టాలి? గ్రేడు చేయడానికి అయ్యే కూలి, గ్రేడు చేసినందువల్ల వచ్చే అదనపు ధరకన్నా తక్కువేనా? కర్నూలులోనే అమ్మాలా, తాడేపల్లిగూడెం దాకా లారీ కట్టాలా? అప్పు గడువు ఏ తేదీకి తీరుతుంది? మొదటి చదువు మాత్రమే వున్నవాడు కారణాలు చెప్పి ఊరుకుంటాడు. రెండవది మాత్రమే వున్నవాడు గాలి ఎటు వీస్తున్నదో తెలియకుండానే పడవ నడుపుతాడు. రెండూ తెలిసినవాడే ఒడ్డు చేరగలడు.

ఈ మాటకు మన గడ్డమీదే పెద్ద సాక్ష్యం వున్నది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి కడప దాకా సాగే కె.సి. కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ తవ్వించింది. కాలువలో పడవలు నడుస్తాయి, పొలాలకు నీరు పారుతుంది, వాటాదారులకు లాభాలు వస్తాయి అన్నది ఆశ. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద 5 శాతం రాబడికి ప్రభుత్వమే హామీ పడింది. కాలువ పూర్తయింది కానీ లెక్క తప్పింది. నల్లరేగడి నేలల్లో జొన్న, కొర్ర, పత్తి పండించే రైతు వాన కురిసిన ఏడు డబ్బు కట్టి నీళ్ళు అడగలేదు. అంచనా వేసిన ఖర్చు చాలలేదు. రాబడికి ముందే హామీ వున్నప్పుడు ఖర్చును అదుపు చేయవలసిన తొందర ఎవరికి వుంటుంది? చివరకు 1882లో ప్రభుత్వమే దాన్ని కొనవలసి వచ్చింది. నీళ్ళు పారించడం ఇంజనీరుకు తెలుసు. ఆ నీళ్ళు ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు అనే ప్రశ్న ఎవరూ సరిగా వేయలేదు. ఇంజనీరింగు ఒక్కటే చదువు అనుకునే తల్లిదండ్రులు ఈ కాలువ గట్టున నిలబడి ఒకసారి ఆలోచించవలసి వుంది. అయితే అదే కాలువ నేటికీ వేలాది ఎకరాలను తడుపుతున్నది. వ్యాపారంగా ఓడినది ప్రజలకు ఆసరాగా నిలబడవచ్చునన్నది కూడా అర్థశాస్త్రం నేర్పే పాఠమే.

నిర్వహణ శాస్త్రం అనగానే టై కట్టుకుని ఇంగ్లీషులో మాట్లాడడం అని చాలామంది భావిస్తారు. అది అపోహ. దాని ప్రాణం గణితంలో వున్నది. 1930ల చివరలో రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌లో ప్లైవుడ్ కర్మాగారాల వారు తమ చిక్కును లియొనిద్ కాంతరోవిచ్ అనే గణితజ్ఞుని ముందు పెట్టారు. ఏ యంత్రం మీద ఏ రకం కలప కోస్తే ఎక్కువ సరుకు తయారవుతుంది అన్నదే ఆ చిక్కు. ఆయన దానికి ఒక లెక్కల పద్ధతి కనిపెట్టారు. 1947లో అమెరికాలో జార్జ్ డాంట్‌జిగ్ అలాంటి లెక్కలను వేగంగా సాధించే మార్గం చూపారు. కాంతరోవిచ్‌కు 1975లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మూడు లారీలు, ఏడు ఆర్డర్లు వున్న నాపరాళ్ళ వ్యాపారి ప్రతి ఉదయం తల పట్టుకునేది సరిగ్గా ఈ లెక్క దగ్గరే. తేడా ఏమిటంటే అతడు అందాజుగా వేస్తాడు, చదువుకున్నవాడు కాగితం మీద వేస్తాడు.

ఇంత పెద్ద చదువులు మన కరువు సీమవారికి అందుతాయా అని ఎవరైనా అడిగితే యాగా వేణుగోపాల్ రెడ్డి గారి పేరు చెప్పవలసి వుంటుంది. ఆయన కడప జిల్లా పాటూరు గ్రామంలో 1941లో జన్మించారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఎం.ఎ. చేసి, ఉస్మానియాలో డాక్టరేట్ పొంది, 1964లో ఐ.ఎ.ఎస్.లో చేరారు. 2003 నుంచి 2008 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేశారు. దేశమంతా స్థలాల ధరలు పరుగులు తీస్తున్న ఆ రోజుల్లో రియల్ ఎస్టేట్‌కు అప్పులిచ్చే బ్యాంకులు మరింత మూలధనం పక్కన పెట్టుకోవాలని నిబంధనలు బిగించారు. అప్పుడు అది అతి జాగ్రత్త అన్నవారు వున్నారు. 2008లో అమెరికా బ్యాంకులు కూలినప్పుడు మన బ్యాంకులు నిలబడ్డాయి, అందుకు ఆ జాగ్రత్త కూడా ఒక కారణమని ప్రపంచం మెచ్చుకున్నది. తరువాత ఆయన 14వ ఆర్థిక సంఘానికి అధ్యక్షత వహించారు. పుస్తకంలోని సూత్రాన్ని ఒక సంస్థను నడిపే పనిలో పెట్టడం ఆయన చేసిన పని. ఆ రెండింటి కలయికనే మేము మన పిల్లల కోసం కోరుతున్నాము.

ఇక మన పెద్దల్లో కొందరికి వున్న సందేహం. 'అర్థశాస్త్రం అంటే వడ్డీ లెక్కలే కదా, అది మనకెందుకు?' అంటారు. ఈ ప్రశ్నను ఎగతాళి చేయరాదు, జవాబు చెప్పాలి. విషం గుణం తెలియని హకీం విరుగుడు ఇవ్వలేడు. ఒక చిన్న లెక్క చూడండి. ఒక ఫైనాన్సు వారు పదివేల రూపాయలు ఇచ్చి, నూటికి 12 చొప్పున ఏడాదికి 1,200 కలిపి, పన్నెండు సమాన వాయిదాల్లో కట్టమంటారు. మన అమ్మీ 12 శాతమే కదా అనుకుంటుంది. కానీ ప్రతి నెలా అసలు తగ్గుతూనే వుంటుంది, వడ్డీ మాత్రం మొదటి అసలు మీదే పడుతూ వుంటుంది. సరిగా లెక్క కడితే అది 21 శాతం దాటుతుంది. ఈ లెక్క తెలిసిన బిడ్డ ఇంట్లో వుంటే ఆ తల్లి ఆ కాగితం మీద వేలిముద్ర వేస్తుందా? వడ్డీ నుంచి కుటుంబాన్ని కాపాడదలచిన వారే వడ్డీ ఎలా పనిచేస్తుందో ముందుగా తెలుసుకోవాలి.

నిజానికి ఈ విద్య మనకు కొత్తది కాదు. మదర్సాలో హిదాయా చదివే ప్రతి విద్యార్థీ క్రయవిక్రయాల అధ్యాయం చదువుతాడు. ముదారబత్‌లో పెట్టుబడి ఎవరిది, శ్రమ ఎవరిది, నష్టం ఎవరి మీద పడుతుంది అనే షరతులన్నీ కంఠస్థం చేస్తాడు. దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిటికన్నా పొడవైన ఆయత్ అప్పు లావాదేవీలను రాసి పెట్టుకోవడం గురించినదే. 1332లో ట్యూనిస్‌లో జన్మించిన ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దిమాలో శ్రమ విభజన గురించి, పన్నుల భారం మితిమీరితే ఖజానాకు వచ్చే రాబడి ఎలా తగ్గుతుందో రాశారు. ఆడమ్ స్మిత్ గ్రంథం 1776లో వెలువడింది, అంటే దాదాపు నాలుగు వందల ఏళ్ళ తరువాత. వారసత్వం గురించి గర్వంగా ప్రసంగాలు చేయడం తేలిక. ఆ వారసత్వాన్ని తరగతి గదిలో కూర్చుని కొనసాగించడం కష్టం. మనం చేయవలసినది రెండవది.

'హిసాబ్ జౌ జౌ, బఖ్షిష్ సౌ సౌ' అని మన పెద్దలు అనేవారు. లెక్క గింజ గింజకూ వుండాలి, దానం వందలకు వందలు చేయవచ్చు అని దాని భావం. మన మస్జిదు కమిటీల్లో, దర్గాల్లో, ఈద్గాల్లో దానానికి కొదవ లేదు, లెక్కకే కొదవ. వక్ఫ్ చట్టం ప్రకారం ముతవల్లి ప్రతి ఏటా లెక్కలు సమర్పించాలి. అద్దె ఎంత రావాలి, ఎంత వస్తున్నది, ఎందుకు తక్కువ వస్తున్నది అని తేల్చి చెప్పగల ఇద్దరు యువకులు ప్రతి మొహల్లాలో వుంటే అన్యాక్రాంతమయ్యే స్థలాలు ఎన్ని మిగిలేవి!

ఇప్పుడు ఆచరణలోకి వద్దాము. మొదటి మాట, ఇంటర్మీడియట్‌లో ఎం.ఇ.సి. తీసుకోగల పిల్లలను గణితం కష్టమని సి.ఇ.సి.లోకి నెట్టవద్దు. గణితం వదిలినవారికి పై చదువుల్లో అర్థశాస్త్రం తలుపులు సగం మూసుకుంటాయి. సి.ఇ.సి. చదివినవారు నిరాశ పడనక్కరలేదు, డిగ్రీలో గణాంకశాస్త్రం గట్టిగా నేర్చుకోవాలి. రెండవ మాట, 2023లో మన రాష్ట్రంలో డిగ్రీకి ఒక మేజరు, దానికి తోడుగా ఒక మైనరు అనే పద్ధతి వచ్చింది. చేరబోయే కాలేజీలో ఇప్పుడు అమలులో వున్న నిబంధన ఏమిటో అడిగి, అర్థశాస్త్రానికి తోడుగా నిర్వహణ గానీ, వాణిజ్యం గానీ దొరుకుతుందేమో కనుక్కోవాలి. దొరకకపోతే, ఒక డిగ్రీని కాలేజీలోనూ మరొక దాన్ని దూరవిద్యలోనూ ఏకకాలంలో చదవడానికి యు.జి.సి. 2022లో అనుమతించింది.

మూడవ మాట పై చదువుల గురించి. కడపలో 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలులో 2008లో ఏర్పడిన రాయలసీమ విశ్వవిద్యాలయం ఇంటికి దగ్గరలోనే వున్నాయి. ఏ డిగ్రీ చదివినవారైనా ఐసెట్ రాసి ఎం.బి.ఎ.లో చేరవచ్చు. ఆ పరీక్షలో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ప్రశ్నలు చాలావరకు తర్కం, గణితం, భాషకు సంబంధించినవే. ఇంటర్ తరువాత నేరుగా చేరగల ఐదేళ్ళ కోర్సును ఇండోర్ ఐ.ఐ.ఎం. 2011లో ప్రారంభించింది. ఫీజు భారీగా వుంటుంది కనుక స్కాలర్‌షిప్పుల సంగతి ముందే విచారించుకోవాలి. ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లలకు హైదరాబాద్‌లో 1998లో స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం, ఎం.బి.ఎ. రెండూ వున్నాయి. అరబ్బీ పండితుడై వుండి కూడా కర్నూలులో ఉస్మానియా కళాశాలను స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరిట 2016లో అదే నగరంలో ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మదర్సాకూ, కళాశాలకూ మధ్య గోడ లేదని ఆ మహనీయుడు ఏనాడో నిరూపించారు.

ఒక హెచ్చరిక కూడా చేయక తప్పదు. బోర్డు మీద ఎం.బి.ఎ. అని రాసినంత మాత్రాన అది చదువు కాదు. అధ్యాపకులు ఎందరు, గ్రంథాలయం తెరిచి వుంటుందా, గత సంవత్సరం చదివినవారు ఎక్కడ పనిచేస్తున్నారు అని అడగకుండా ఫీజు కట్టవద్దు. దుకాణంలో చీరె కొనేటప్పుడు నాలుగు మడతలు విప్పి చూసే మనం, పిల్లల ఐదేళ్ళ జీవితాన్ని మడత విప్పకుండా కొనరాదు.

చివరగా అమ్మాయిల గురించి. ఇంటి ఖర్చును నెలాఖరు దాకా లాక్కొచ్చేది ఎవరు? పొదుపు సంఘంలో పుస్తకం రాసేది ఎవరు? ఇంట్లో మిషను కుట్టి, ఆ డబ్బుతో తమ్ముడి ఫీజు కట్టేది ఎవరు? నిర్వహణ శాస్త్రంలో తొలి పాఠాలు వారికి ఇప్పటికే వచ్చు, డిగ్రీ మాత్రమే లేదు. ఈ ఏడాది సీటు గురించి అబ్బా, అమ్మీ కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఆ బిడ్డను కూడా పక్కన కూర్చోబెట్టి, 'నీకు ఏమి చదవాలని వుంది బేటీ?' అని అడగవలసిందిగా మా మనవి.