తాబేలుకి వైఫై ఎందుకు?

మన ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో సగం స్టాళ్ళ పేర్లు 'స్మార్ట్' అనే మొదలవుతాయి. స్మార్ట్ డస్ట్‌బిన్, స్మార్ట్ పూలకుండీ. నేనూ ఒకటి చేశాను, స్మార్ట్ తాబేలు గూడు. నవ్వకండి. దాని వల్లే నాకీ అభిప్రాయం ఏర్పడింది: ఒక ప్రాణిని చలి నుంచి కాపాడే వస్తువు పనిచెయ్యడానికి ఇంటర్నెట్ అవసరం ఉండకూడదు.

మా పిన్ని వాళ్ళు అమెరికాలో ఫీనిక్స్ దగ్గర ఉంటారు. ఊరు మారిపోతూ పక్కింటివాళ్ళు తమ సల్కాటా తాబేలుని వీళ్ళకి ఇచ్చి వెళ్ళారు. (ఇక్కడ మన నక్షత్ర తాబేలుని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, ఇది చదివి ఎవరూ ఉత్సాహపడకండి.) సల్కాటాది ఆఫ్రికా, సహారా ఎడారికి దక్షిణపు అంచు. అరిజోనా ఎడారి తాబేలు చలికాలమంతా బొరియలో పడుకుంటుంది. ఇది అలా పడుకోదు. చలిలోనూ గడ్డి తింటుంది, తిన్నది అరగాలంటే ఒంట్లో వేడి ఉండాలి, ఆ వేడి బయట నుంచే రావాలి. ఎడారిలో చలేంటి అనుకున్నా నేను. జనవరిలో రాత్రిపూట 5, 6 డిగ్రీలకి పడిపోయే రోజులుంటాయట.

బాబాయి అక్టోబర్‌లోనే పెరట్లో పెట్టె కట్టాడు. రెండు పొరల ప్లైవుడ్, మధ్యలో ఫోమ్ షీట్. నేల చెమ్మ ఎక్కకుండా కింద ఇటుకలు, తాబేలు ఎక్కడానికి చిన్న వాలు చెక్క. గుమ్మానికి ఏసీ షాపుల్లో వేలాడేలాంటి ప్లాస్టిక్ పట్టీలు. హీటర్ గోడకి బిగించాడు, ఎందుకంటే పైనుంచి బల్బు మరీ దగ్గరగా పెడితే తాబేలు డిప్ప కాలిపోతుంది. నిజం చెప్పాలంటే అసలైన ఇంజనీరింగ్ అక్కడితో అయిపోయింది.

"ఒరేయ్, నువ్వు కంప్యూటర్సేగా, హీటర్ దానంతటదే ఆన్ అయ్యేలా ఏదైనా చెయ్యి" అంది పిన్ని. బోర్డు, రిలే, సెన్సర్ అక్కడ తమ్ముడు బిగించాడు. కోడ్ నాది. 26 కంటే తగ్గితే ఆన్, అంతే. కానీ ఆ 'అంతే'ని బోర్డులో పెట్టకుండా క్లౌడ్‌లో పెట్టాను. ఎందుకంటే డాష్‌బోర్డ్ చూపించుకోవచ్చు. రెజ్యూమేలో ఒక లైన్ పెరుగుతుంది.

వాళ్ళకి రాత్రి రెండైతే మనకి మధ్యాహ్నం రెండున్నర. ఒకరోజు ల్యాబ్‌లో చూస్తే 27 డిగ్రీలు. పక్కవాడికి కూడా గొప్పగా చూపించాను. అది మూడు గంటల కిందటి 27. వాళ్ళింట్లో రౌటర్ ఆగిపోయింది, హీటర్ ఆఫ్‌లోనే ఉండిపోయింది. తెల్లారి పిన్ని ఫోన్ చేసింది. "లోపలి థర్మామీటర్ 11 చూపిస్తోందిరా. తల బయటికి పెట్టట్లేదు."

మళ్ళీ గడ్డి ముట్టడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పిన్ని దాని ముక్కే చూస్తూ కూర్చుంది, బుడగలొస్తే ఊపిరితిత్తులకి పట్టినట్టని. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

లాజిక్ బోర్డులో పెట్టి, పాత రీడింగ్ పక్కన టైమ్ చూపించుంటే సరిపోయేది కదా అంటాడు నా రూమ్మేట్. నిజమే, ఒప్పుకుంటా. కానీ మార్కులు వేసేటప్పుడు నెట్ పీకేసి చూపించమని మనల్ని ఎవరైనా అడిగారా? మనమైనా ఒకరినొకరం అడుక్కున్నామా? డెమో పది నిమిషాలు, ఆ పది నిమిషాలు హాట్‌స్పాట్ నిలబడితే చాలు మనకి. చలి మూడు నెలలు ఉంటుంది. తెర మీద అందంగా కనిపించేదానికి మార్కులు పడుతున్నంత కాలం నాలాంటివాళ్ళు క్లౌడ్‌లోనే రాస్తారు.

బాబాయి ఇప్పుడు మామూలు థర్మోస్టాట్ కొన్నాడు. ఒక నాబ్, ఒక ప్లగ్. యాప్ లేదు, పాస్‌వర్డ్ లేదు. నా బోర్డు రీడింగ్ మాత్రమే పంపుతుంది, పావుగంట పాటు ఏమీ రాకపోతే మా ఇద్దరికీ మెసేజ్ వస్తుంది. మొన్న వచ్చింది. గుండె జారి ఫోన్ చేశాను. మళ్ళీ రౌటరే. పిన్ని టార్చ్ పట్టుకెళ్ళి చూసింది. పెట్టెలో 26 ఉంది, తాబేలు పడుకునుంది.