క్రిప్టో ఫ్యూచర్స్‌లో లాంగ్ కొడుతున్నారా? ధర కంటే ముందు చూడాల్సిన లెక్కలివే..

రావులపాలెం అరటి మార్కెట్‌లో ధర ఎలా తేలుతుందో కోనసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. యార్డుకు గెలలు ఎక్కువొస్తే రేటు దిగుతుంది. కోసిన గెలను రైతు మళ్లీ ఇంటికి తీసుకెళ్లలేడు, ఆ సంగతి కొనేవాడికి బాగా తెలుసు. ఫోన్లో క్రిప్టో ఫ్యూచర్స్ ఆడుతున్న కుర్రాళ్ల పరిస్థితీ ఇంచుమించు ఇంతే. ఆగలేని వాళ్లు ఎంతమంది ఉన్నారన్నదే అక్కడ అసలు లెక్క.

2025 అక్టోబర్ 6న బిట్‌కాయిన్ 1.26 లక్షల డాలర్లు దాటి రికార్డు కొట్టింది. నాలుగు రోజులకే చైనా సరుకులపై అదనంగా 100 శాతం సుంకం అని ట్రంప్ ప్రకటించారు. మన టైమ్ ప్రకారం అప్పటికి అక్టోబర్ 11 తెల్లవారుజాము. నిద్రలేచేసరికి చాలామంది అకౌంట్లు ఖాళీ! కాయిన్‌గ్లాస్ లెక్క ప్రకారం 24 గంటల్లో 1,900 కోట్ల డాలర్లకు పైగా పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయి. దెబ్బతిన్న ట్రేడర్లు 16 లక్షల మందికి పైనే. అందులో ఎక్కువ భాగం లాంగ్‌లే. ట్రంప్ నిప్పు పెట్టారు సరే.. మరి గడ్డివాము పేర్చిందెవరు?

పర్పెచువల్ ఫ్యూచర్స్‌కి ఎక్స్‌పైరీ ఉండదు. 2016లో బిట్‌మెక్స్ వీటిని బిట్‌కాయిన్‌కి తెచ్చింది. ఎక్స్‌పైరీ లేదు కాబట్టి కాంట్రాక్టు ధర అసలు ధరకు దూరంగా పోకుండా ఫండింగ్ రేట్ పెట్టారు. ఇది ప్లస్‌లో ఉంటే లాంగ్ వాళ్లు షార్ట్ వాళ్లకు కట్టాలి, మైనస్ అయితే రివర్స్. చాలా ఎక్స్ఛేంజీల్లో 8 గంటలకోసారి, అంటే మనకు ఉదయం 5.30, మధ్యాహ్నం 1.30, రాత్రి 9.30కి కట్ అవుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. రూ.10 వేలు పెట్టి 20 రెట్ల లివరేజ్ తీసుకుంటే పొజిషన్ రూ.2 లక్షలు. ఫండింగ్ ఈ 2 లక్షల మీద పడుతుంది, పెట్టిన 10 వేల మీద కాదు. రేటు 0.01 శాతమైతే రోజుకు రూ.60. జనం ఎగబడి 0.1 శాతానికి చేరితే రోజుకు రూ.600. ధర కదలకపోయినా పెట్టుబడిలో 6 శాతం గోవిందా! ఇక ధర 5 శాతం పడే లోపే పొజిషన్ లేచిపోతుంది.

ఫండింగ్‌తో పాటు చూడాల్సింది ఓపెన్ ఇంట్రెస్ట్, అంటే ఇంకా క్లోజ్ కాని కాంట్రాక్టుల మొత్తం. ధర, ఓపెన్ ఇంట్రెస్ట్, ఫండింగ్ మూడూ కలిసి పెరిగితే అప్పు మీద లాంగ్‌లు పోగవుతున్నట్టు. ధర పెరుగుతూ ఓపెన్ ఇంట్రెస్ట్ తగ్గితే చాలావరకు షార్ట్ వాళ్లు భయపడి బయటపడుతున్నట్టు, కొత్త డబ్బు వస్తున్నట్టు కాదు. ధర పడి ఫండింగ్ బాగా మైనస్‌లోకి వెళ్తే ఈసారి ఇరుక్కునేది షార్ట్ వాళ్లు కావచ్చు. అయితే ఇవి టైమ్ చెప్పవు. ఫండింగ్ వారాల తరబడి ఎక్కువగానే ఉండొచ్చు.

టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే ‘70 శాతం మంది లాంగ్’ స్క్రీన్‌షాట్‌ని మాత్రం అంత సీరియస్‌గా తీసుకోనక్కర్లేదు. అది సాధారణంగా అకౌంట్ల లెక్క. డబ్బు లెక్కలో ప్రతి లాంగ్‌కీ అంతే విలువైన షార్ట్ ఉండి తీరుతుంది.

సెబీ 2024 సెప్టెంబర్ స్టడీ ప్రకారం 2021–22 నుంచి 2023–24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో షేర్ల ఎఫ్ అండ్ ఓలో 93 శాతం మంది చిన్న ట్రేడర్లు నష్టపోయారు. అది నియంత్రణ ఉన్న మార్కెట్. క్రిప్టో ఫ్యూచర్స్ సెబీ పరిధిలోనే లేవు. అక్టోబర్ 10న షార్ట్ కొట్టి లాభంలో ఉన్నవాళ్ల పొజిషన్లను కూడా, ఎదుటివాళ్ల నష్టం పూడ్చడానికి కొన్ని ఎక్స్ఛేంజీలు మధ్యలోనే క్లోజ్ చేసేశాయి. రూల్స్‌లో అది ముందే రాసి ఉంది.