గేరుబాక్సు విప్పేముందు గొట్టం చూడండి

వాన పడితే కొల్లేరు చెరువు గట్ల మీద మేత మోసే పికప్‌కు ఫోర్‌ వీల్ డ్రైవే దిక్కు. అది పడకపోతే షెడ్డులో మొదటి మాట గేరుబాక్సు విప్పాలనే. తొందరపడొద్దు. ముందు ఫ్యూజు, వైర్లు చూడాలి. వాక్యూమ్‌తో పనిచేసే బండైతే గొట్టం చీలిందేమో చూడాలి. లో రేంజి వెయ్యాలంటే బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టాలి. తారురోడ్డు మీద ఫోర్‌ వీల్‌లో నడిపితే లీవరు బిగుసుకుంటుంది. కాస్త రివర్స్ చేస్తే చాలాసార్లు వదులుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజుండాలి.

ఇవన్నీ చూశాకే రిపేరు. ఏలూరైనా, తాడేపల్లిగూడెమైనా ఖర్చు ముందే కాగితం మీద రాయించుకుందాం, తీసిన పాత పార్టు అడిగి తీసుకుందాం. మాన్యువల్ తెలుగులో ఇవ్వాలని కంపెనీలను సంఘం నిలదీయాలి. అప్పుచేసి కొన్న బండి సంగతి తెలుసుకోవడం రైతు హక్కు.