హైకోర్టు కొత్త భవనం సరే.. పాతదాని గతి ఏమిటి?

తెలంగాణ హైకోర్టు రాజేంద్రనగర్‌కు తరలనుంది. అక్కడ కేటాయించిన 100 ఎకరాల్లో కొత్త ప్రాంగణానికి 2024 మార్చి 27న అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై.చంద్రచూడ్ శంకుస్థాపన చేశారు.

తరలింపు అవసరాన్ని కాదనడం కష్టం. మూసీ దక్షిణ తీరాన ఉన్న ప్రస్తుత భవనం 1920 ఏప్రిల్ 20న, ఏడో నిజాం హయాంలో ప్రారంభమైంది. 1956లో గుంటూరు నుంచి వచ్చిన ఆంధ్ర హైకోర్టు కూడా ఇందులోనే సర్దుకుంది. 2009 ఆగస్టు 31నాటి అగ్నిప్రమాదంలో గ్రంథాలయం కాలిపోయింది. 2019లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విడిపోయినప్పుడు దక్కిన ఊరట ఎంతోకాలం నిలవలేదు. 2021లో న్యాయమూర్తుల పదవులను 24 నుంచి 42కు పెంచారు. ఒక్క న్యాయమూర్తి అదనంగా వస్తే ఒక కోర్టు హాలు, ఒక ఛాంబరు, సిబ్బందికి గదులు, దస్త్రాలకు చోటు కావాలి. నిజాం నాటి రాతి గోడల మధ్య ఇదంతా సమకూర్చడం సాధ్యం కాదు.

అలాగని కొత్త స్థలం ఉచితంగా దక్కినట్టు కాదు. ఆ భూమి వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలది. జీవవైవిధ్యానికి నష్టమంటూ విద్యార్థులు 2024 జనవరిలో ఆందోళనకు దిగారు. కక్షిదారుల కష్టం మాత్రం అంతగా చర్చకు రాలేదు. జిల్లాల నుంచి వచ్చేవారు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగి, నడిచే హైకోర్టుకు చేరుకోగలుగుతున్నారు. రాజేంద్రనగర్‌కు మెట్రో ఇంకా చేరలేదు.

అన్నిటికన్నా క్లిష్టమైనది పాత భవనం సంగతి. దానిని బాగుచేసి సిటీ కోర్టుకో, మరో న్యాయస్థానానికో వినియోగిస్తామని 2023 డిసెంబరులో ప్రభుత్వం చెప్పింది. ఆలోచన మంచిదే. కానీ అవతలి ఒడ్డునే ఉస్మానియా ఆసుపత్రి కనిపిస్తోంది. 2020 జులైలో వాననీరు వార్డుల్లోకి చేరాక అక్కడి పాత బ్లాకును ఖాళీ చేయించారు. ఏళ్లు గడిచినా రోగులు అందులోకి తిరిగి రాలేదు. చివరకు 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి పునాది వేశారు. మనుషులు మసలని పాత భవనం ఎంత వేగంగా పాడవుతుందో ఇంజినీర్లు చెప్పనక్కరలేదు.

పైగా, కొత్త అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్‌ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో కొట్టివేసింది ఈ హైకోర్టే. వారసత్వ కట్టడాలపై ప్రభుత్వానికి చెప్పిన మాట ఇప్పుడు న్యాయవ్యవస్థ సొంతింటికీ వర్తిస్తుంది.

కొత్త భవనం ఎంత త్వరగా పూర్తవుతుందన్నది మరో ప్రశ్న. అమరావతిలోని నేలపాడులో 2019 ఫిబ్రవరి 3న తాత్కాలిక భవనాన్ని ప్రారంభించి, అదే రోజు శాశ్వత హైకోర్టుకు శంకుస్థాపన చేశారు. ఆ తరువాత ఏళ్ల తరబడి కేసుల విచారణ తాత్కాలిక భవనంలోనే సాగింది. హైదరాబాద్‌లోనూ జాప్యం జరిగితే అన్నాళ్లూ న్యాయమూర్తులు, కక్షిదారులు ఈ పాత కప్పు కిందే ఉండాలి. కాబట్టి మరమ్మతులకు నిధులు, తరువాత అందులోకి వచ్చే న్యాయస్థానం పేరు, తేదీ ఇప్పుడే ఉత్తర్వుల్లోకి ఎక్కాలి.