బిళ్ల విసరుట

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములనుండి పెక్కురు తల్లులు నేఁడు అమెరికాలోని బిడ్డలయొద్దకుఁ బోవుచున్నారు. అచ్చటఁ బగలెల్ల తలుపులు మూసికొని కూర్చుండుటయే వారికిఁ గష్టము. మేమును అట్లే కాలిఫోర్నియాలో నుండఁగా, మా యమ్మాయి మమ్ము ఓక్ గ్రోవ్ ఉద్యానమునకుఁ గొనిపోయినది. డిస్క్ గోల్ఫ్ అను ఆటకు మొదటి శాశ్వతస్థలము 1975లో నేర్పడినది అచ్చటనే. పళ్లెమువంటి తేలికబిళ్లను చెట్లనడుమ విసరి, పడినచోటినుండియే మరల విసరుచు, గొలుసులు వ్రేలాడు బుట్టలో వేయవలయును. తక్కువ విసరులలో ముగించినవారిదే గెలుపు.

మా తొలిబిళ్ల పొదలోఁ బడినది. అల్లుని యెదుట సిగ్గుపడితిమి గాని, బాపట్లలో తొక్కుడుబిళ్ల యాడిన చేయి యూరకుండునా? చెంగు బిగించితిమి. తొమ్మిదవ విసరునకు గొలుసులు గల్లుమనెను. పెండ్లియైనది మొదలు నలువదియేండ్లు మేము ఆట యెఱుఁగము. ఆ చప్పుడునకుఁ గన్నులు చెమర్చినవి.

మఱునాఁ డుదయమున వారిని మేమే లేపితిమి.