ఆ వేళ్లు ఏమయ్యాయి?

పాత పాటలంటే మనకు ఘంటసాల, లీల, సుశీల. ఇంకాస్త వెనక్కెళితే భానుమతి. అదే పడమటి సంగీతంలో పాతవంటే, మగపిల్లలు హాస్టల్ గోడలకి అంటించుకునే జుట్టు పెంచిన గిటారు వీరులే గుర్తొస్తారు. బ్లూస్, రాక్ అనగానే అదేదో మగాళ్ల కేకల వ్యవహారమని ఛానల్ మార్చేస్తాం. ఆడవాళ్ల పేజీలో దానికేం పని అంటారేమో! పని ఉంది కనకే రాస్తున్నాను.

1971లో లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లీషు బృందం తమ నాలుగో ఆల్బంలో ఏటిగట్టు తెగడం మీద ఒక పాట పెట్టింది. కుర్రకారు వెర్రెత్తిపోయింది. ఆ పాట మూలం 1929 నాటిది. మెంఫిస్ మిన్నీ అనే నల్లజాతి గిటారిస్టు, ఆమె భర్త జో మెకాయ్ కలిసి రికార్డు చేసినది. 1973లో ఆమె పోతే, సమాధి మీద సరైన రాయి పడేసరికి 1996 వచ్చింది. అదే ఏడాది పోయిన సిస్టర్ రొసెట్టా థార్ప్ సంగతీ అంతే. ఎలక్ట్రిక్ గిటారు మెడలో వేసుకుని దేవుడి పాటలు పాడిన మనిషి. రాక్ సంగీతానికి దారి వేసినవాళ్లలో ఒకరు. రాక్ వాళ్ల గౌరవ మందిరంలో ఆమె పేరు చేరింది 2018లో!

నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఎలిజబెత్ కాటెన్ కథ. అమెరికాలో నార్త్ కరోలినా పిల్ల. అన్న ఇంట్లో లేనప్పుడు అతని బాంజో తీసి వాయించేది. ఎడమచేతి వాటం. తంతులు మార్చుకోవడం ఎందుకని వాయిద్యాన్నే తిరగేసి పట్టుకుంది. బొటనవేలు చెయ్యాల్సిన పని వేళ్లకీ, వేళ్ల పని బొటనవేలికీ అప్పజెప్పింది. ఇళ్లల్లో పాచిపని చేసి, డబ్బు కూడబెట్టి మూడు డాలర్ల డెబ్భై అయిదు సెంట్లకి సొంత గిటారు కొనుక్కుంది. ఇంటి పక్కన పోయే గూడ్సు బండి మీద చిన్నతనంలోనే పాట కట్టింది. (బైలడిల్లా ఖనిజం మోసుకుని రాత్రీ పగలూ మన పోర్టుకి వచ్చే బళ్ల చప్పుడు విన్న విశాఖవాసులకి ఆ పాట వేరే అర్థం చెప్పక్కర్లేదు.)

తర్వాత? చిన్న వయసులోనే పెళ్లి, ఓ కూతురు. దేవుడి పాటలు తప్ప వేరే వాయించకూడదని చర్చి పెద్దలు. గిటారు మూలన పడింది. ఒకటీ రెండూ కాదు, కొన్ని దశాబ్దాలు.

మళ్లీ ఎలా బయటపడిందో చూడండి. ఒక పెద్ద దుకాణంలో తప్పిపోయిన పిల్లని తల్లికి అప్పగించింది. ఆ తల్లి సంగీతకర్త రూత్ క్రాఫర్డ్ సీగర్. ఆ ఇంట్లోనే పనిమనిషిగా చేరింది. గోడకి వేలాడే గిటారు తీసి వాయిస్తుంటే ఇంటివాళ్లు నిర్ఘాంతపోయారు. ఆ ఇంటి అబ్బాయి మైక్ రికార్డు చేసిన ఆల్బం 1958లో వచ్చింది. అప్పటికామె అరవై దాటింది. ఈలోగా ఆ గూడ్సు బండి పాటని ఇంగ్లండులో ఇద్దరు తమ పేర రాయించుకున్నారు కూడా.

ఇప్పుడు మన ఇళ్లు చూద్దాం. నాకు తెలిసిన ఒకావిడ బొబ్బిలి వీణ అటక మీద గుడ్డ కప్పుకుని ఇరవై ఏళ్లుగా ఉంది. మా వీధిలో ఒకమ్మాయి గిటారు బాగా వాయించేది. ఇంటర్ కోచింగ్ పేరుతో ఆపేసింది. "ఆపేసింది" అంటాం, "ఆపించాం" అనం. అదే కోచింగుకి వెళ్లే తమ్ముడి క్రికెట్ బ్యాటు ఎవరూ అటకెక్కించలేదు.

పైగా ఓ మాట: "వీణైతే సరే, గిటారు మనది కాదు కదా!" మరి వయొలిన్ ఎక్కణ్ణించి వచ్చిందమ్మా? మన పక్కనే విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఆ పరాయి వాయిద్యంతోనే కదా దేశాన్ని కూర్చోబెట్టింది! పాలకొల్లు కుర్రాడు యు. శ్రీనివాస్ తండ్రి మాండొలిన్ పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాయిద్యం రాదు. ఆయన పాడితే పిల్లవాడు వాయించి నేర్చుకున్నాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్లాడు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన ఏళ్ల తరబడి వాయించాడు. 2014లో నలభై అయిదేళ్లకే పోవడం మన దురదృష్టం. ఆ పిల్లవాడికి ఇంట్లో దొరికిన సాయంలో సగం మన ఆడపిల్లలకి దొరుకుతోందా అన్నదే నా ప్రశ్న.

వినాలనుకుంటే ముందు కాటెన్ 1958 ఆల్బం వినండి. మధ్యాహ్నం పప్పు ఏరుకుంటూ వినొచ్చు, చెవులు బద్దలవ్వవు. తర్వాత 1964లో మాంచెస్టర్‌లో మూసేసిన రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫాం మీద థార్ప్ వాయించిన కచేరీ చూడండి. గుర్రబ్బండిలో దిగి, కోటు వేసుకుని, వానకి తడిసిన ప్లాట్‌ఫాం మీద గిటారు అందుకుంటుంది. జనమంతా అవతలి ప్లాట్‌ఫాం మీద. ఆ సోలో వచ్చేటప్పుడు మాత్రం ఇంట్లో ఆడపిల్ల ఉంటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి.

అన్నట్టు, కాటెన్‌కి గ్రామీ అవార్డు వచ్చింది 1985లో, తొంభయ్యేళ్లు నిండాక.